వైవా బుర్ర పక్కన పెట్టండి: బ్రిటన్ మెడికల్ స్కూల్ ఇంటర్వ్యూకి ఇంట్లోనే తయారీ

మా రోజుల్లో మెడిసిన్ సీటుకి ఇంటర్వ్యూ అన్న మాటే లేదు. ఎంసెట్‌లో ర్యాంకు వచ్చిందా, కౌన్సెలింగ్‌లో మన నంబరు పిలిచారా, సర్టిఫికెట్లు చూపించి సీటు పట్టుకున్నామా, అంతే. వీడు మనిషి ఎలాంటివాడు అని ఎవరూ అడగలేదు. నీట్ వచ్చాక కూడా అక్కడ ఆ పద్ధతి మారలేదు. అందుకే ఇక్కడ బ్రిటన్‌లో మా అమ్మాయి మెడిసిన్‌కి అప్లై చేసినప్పుడు, ఇన్నేళ్లుగా ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ముసలివాళ్ల వార్డు చూస్తున్న నాకే కాలూ చెయ్యీ ఆడలేదు. ఆ తర్వాత ఒక మెడికల్ స్కూల్ వాళ్లు పిలిస్తే బల్లకి అవతలి వైపు, మార్కులు వేసే కుర్చీలోనూ కూర్చున్నాను. అక్కడి ప్రశ్నలు బయటపెట్టనని సంతకం చేశాను కాబట్టి అవి ఇందులో ఉండవు. ఇక్కడున్న ఉదాహరణలన్నీ మా ఇంట్లో మేం కల్పించుకున్నవే.

మన ఇళ్ల పిల్లలు మార్కులు పోగొట్టుకునేది ఈ ఇంటర్వ్యూని వైవా, అంటే నోటి పరీక్ష, అనుకోవడం వల్ల. వైవాలో ప్రశ్నకి ఒక జవాబుంటుంది. అది తెలిస్తే గుక్కతిప్పుకోకుండా అప్పజెప్తాం, తెలియకపోతే నేల చూపులు చూస్తాం. ఇక్కడ అవతల కూర్చున్నవాళ్లు చూసేది వేరు: ఎదుటి మనిషి చెప్పేది ఈ పిల్ల వింటోందా, కొత్త సంగతి తెలిస్తే తన మాట మార్చుకుంటోందా, తెలియనిది తెలియదని చెప్పగలుగుతోందా. తయారీ అంతా ఈ మూడింటి చుట్టూనే తిరగాలి.

ముందు క్యాలెండరు

మెడిసిన్ ప్రవేశ పరీక్ష యూక్యాట్ వేసవిలో, జులై నుంచి సెప్టెంబరు లోపు. యూనివర్సిటీలన్నింటికీ కలిపి ఒకే చోట పెట్టే యూకాస్ అప్లికేషన్‌కి ఆఖరి తేదీ అక్టోబరు 15. ఐదు ఎంపికల్లో మెడిసిన్‌కి నాలుగే వాడాలి, ఐదోది మరేదైనా కోర్సు. ఇంటర్వ్యూలు దాదాపు నవంబరు నుంచి మార్చి దాకా సాగుతాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ఎక్కువగా డిసెంబరులోనే ముగించేస్తాయి. పిలుపు వచ్చాక ఒక్కోసారి రెండు వారాల వ్యవధి కూడా ఉండదు. కాబట్టి ‘పిలుపు రానీ, అప్పుడు చూద్దాం’ అనుకోకండి. అప్లికేషన్ పంపిన మర్నాటి నుంచే రోజుకి ఇరవై నిమిషాలు చాలు. ఆదివారం ఐదు గంటలు కూర్చోబెడితే పిల్లకి విసుగు, మీకు బీపీ.

ఏ స్కూల్ ఏ పద్ధతిలో అడుగుతుందో ఆ స్కూల్ వెబ్‌సైట్‌లోనే చదవండి. యూట్యూబ్ ఆ తర్వాత. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో పాఠం చెప్పే ట్యూటర్లే కూర్చుని ఒక సైన్సు చిక్కుముడి ఇస్తారు. ఒక గ్రాఫో, ఒక ఎముక బొమ్మో పెట్టి, పైకి మాట్లాడుతూ ఆలోచించమంటారు. మిగతా స్కూళ్లలో ఎక్కువ భాగం ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతి: వరసగా కొన్ని స్టేషన్లు, ఒక్కో చోట ఐదు నుంచి పది నిమిషాలు, ఒక్కో చోట ఒక్కో కొత్త మనిషి. లోపలికి వెళ్లేముందు కాగితం చదువుకోడానికి నిమిషమో రెండు నిమిషాలో ఇస్తారు. విదేశీ డాక్టర్లకి ఇక్కడ పెట్టే ప్లాబ్ పరీక్షలో రెండో భాగం రాసినవాళ్లకి, గంట కొడితే గది మారే ఈ వ్యవహారం బాగా తెలుసు. ఈ ఎంఎంఐని కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు 2000ల మొదట్లో తయారుచేశారు. ఒకే ఒక్కరికి నచ్చామా లేదా అన్నదాని మీద సీటు ఆధారపడకూడదన్నది వాళ్ల ఆలోచన. మనకి కలిసొచ్చేది అదే. మూడో స్టేషన్‌లో బోర్లాపడినా నాలుగో గదిలో కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు.

‘డాక్టరే ఎందుకు?’

ఎలాగూ అడుగుతారు కదా అని దీనికి జవాబు రాసి బట్టీ పెట్టిస్తాం. మా అమ్మాయి మొదటి జవాబు ఇలా ఉండేది: “చిన్నప్పటి నుంచీ నాన్నని చూస్తూ పెరిగాను, మనుషులకి సాయం చెయ్యాలని, సైన్స్ అంటే ఇష్టం.” నాకు ముచ్చటేసింది. కుర్చీకి అవతల వైపు కూర్చున్నాక తెలిసింది, మధ్యాహ్నం భోజనానికి లేచేలోపు ఈ వాక్యం ఎన్నిసార్లు వినాలో.

సాయం చేసేవాళ్లు చాలామంది ఉన్నారు, అంబులెన్సు డ్రైవరుతో సహా. జవాబుకి బలం రావాలంటే పిల్ల తన కళ్లతో చూసిన ఒక్క సంఘటన ఉండాలి. మా అమ్మాయి శనివారాలు పెద్దవాళ్లని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో టీలు అందించేది. అక్కడ పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనకి మాత్రం టీలో పొడి కలిపి జావలా చిక్కగా ఇచ్చేవాళ్లు. ఆయన ప్రతిసారీ మొహం తిప్పుకునేవారు. ఇదెందుకని అడిగితే, మింగడం సరిగ్గా లేనివాళ్లకి పల్చటి టీ ఊపిరితిత్తుల్లోకి జారి న్యుమోనియా రావచ్చని కేరర్ చెప్పింది. మరి ఆయనకి ఆ జావ అంటేనే అసహ్యం కదా, రోజుకి ఒక్క మామూలు టీ తాగుతానంటే ఆ ప్రమాదం ఎవరు బేరీజు వెయ్యాలి? ఈ ప్రశ్న దాన్ని వదల్లేదు. ఇంటికొచ్చి నన్ను అడిగింది, చదువుకుంది, మళ్లీ వారం అక్కడికొచ్చిన స్పీచ్ థెరపిస్టుని అడిగింది. అదీ జవాబంటే.

వెంటనే రెండో ప్రశ్న పడుతుంది: “మరి స్పీచ్ థెరపిస్టువే ఎందుకు కాకూడదు? నర్సువి ఎందుకు కాకూడదు?” ఇక్కడ పొరపాటున కూడా ఆ ఉద్యోగాల్ని తక్కువ చెయ్యకూడదు. ‘డాక్టరైతేనే నిర్ణయాలు తీసుకుంటాడు’ అన్న మాట వింటే నా పక్కన కూర్చునే సీనియర్ నర్సు కనుబొమలు లేస్తాయి. మార్కులు వేసేవాళ్లలో నర్సులుంటారు, డాక్టర్లు కానివాళ్లుంటారు, కొన్ని చోట్ల పేషెంట్లు కూడా ఉంటారు. ఆ పనుల్లో ఏం నచ్చిందో ముందు చెప్పాలి. తర్వాత జబ్బు ఏమిటో తేల్చడం, తెలియనితనం మధ్య ఒక దారి ఎంచుకుని దానికి పూచీ పడటం తనని ఎందుకు లాగుతున్నాయో చెప్పాలి.

డాక్టర్ల పిల్లలకి ఒక హెచ్చరిక. నాన్నగారి వార్డులో రెండు వారాలు తిరగడం తేలిక, అందుకే దానికి పెద్ద విలువ లేదు. ఆపరేషన్ థియేటర్లో చూసిన వింతకన్నా చారిటీ షాపులో కోపంగా వచ్చిన కస్టమర్‌ని శాంతపరిచిన కథే ఎక్కువసార్లు పనికొస్తుంది. ఎక్కడ పనిచేసినా ఆ రాత్రే నోటుబుక్కులో నాలుగు లైన్లు రాసిపెట్టుకోవాలి: ఏం చూశాను, ఏం అనుకున్నాను, తర్వాత ఏం తెలిసింది. పేషెంట్ల పేర్లు మాత్రం రాయొద్దు, ఇంటర్వ్యూలో అసలే చెప్పొద్దు.

ఇంకోటి. మన ఇళ్లలో ‘నేను చేశాను’ అనడం గొప్పలు పోవడం కింద లెక్క. అందుకే పిల్లలు ‘మేం చేశాం, మా టీమ్ చేసింది’ అంటూ పోతారు. చివరికి ఆ పిల్ల చేసిందేమిటో అర్థం కాక మార్కు వెయ్యలేక చేతులు ముడుచుకుని కూర్చుంటాం. టీమ్‌లో నీ వంతు ఏమిటి, అది చెప్పు.

ధర్మసంకటాలు

నాలుగు సూత్రాలున్నాయి: పేషెంటు తన నిర్ణయం తను తీసుకునే హక్కు, మేలు చెయ్యడం, కీడు చెయ్యకపోవడం, అందరికీ న్యాయం. ఇవి తెలియాలి. కానీ ప్రశ్న వినగానే నాలుగింటినీ శతకం పద్యంలా అప్పజెప్పే పిల్లలు ఎక్కువ. ఆ పద్యం అయ్యేసరికి రెండు నిమిషాలు పోతాయి, ఎదురుగా ఉన్న కథలోని మనిషి ఊసే ఎత్తి ఉండరు.

మా ఇంట్లో నేనిచ్చిన కథ: ఎనభై దాటిన తెలుగావిడ, ఇంగ్లీషు రాదు. స్కానింగ్‌లో క్యాన్సర్ అని తేలింది. కొడుకు కారిడార్‌లో ఆపి, “అమ్మకి చెప్పొద్దండీ, బెంగతో పోతుంది, ఏదైనా నాతో చెప్పండి, నేనే తెలుగులో చెప్తాను” అంటున్నాడు. ఏం చేస్తావు?

మా అమ్మాయి ఠక్కున, “పేషెంటుకి తెలుసుకునే హక్కుంది, చెప్పేస్తాను” అంది. చట్టం ప్రకారం తప్పు లేదు. అయినా సగం మార్కులు పోయాయి, ఆ కొడుకు భయం దాని చెవిన పడలేదు కాబట్టి. నేను అడుగుతూ పోయాను. “మన తాతయ్య విషయంలో మేమేం చేశామో గుర్తుందా?” కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా కట్టుకుంటూ వచ్చింది. ముందు కొడుకుని కూర్చోబెట్టి, దేనికి భయపడుతున్నారో వింటుంది. ఆవిడ ఇంతకుముందు ఇలాంటివి తెలుసుకోడానికి ఇష్టపడేదా అని అడుగుతుంది. విషయం ఆవిడది కాబట్టి దాచిపెడతానని మాత్రం మాట ఇవ్వదు. తర్వాత ఆవిడనే అడుగుతుంది: రిపోర్టుల సంగతి మీకు ఎంతవరకు చెప్పమంటారు, పక్కన ఎవరు ఉండాలి? ‘నాకేం చెప్పొద్దమ్మా, మా అబ్బాయికి చెప్పు’ అని ఆవిడే అంటే అదీ ఆవిడ నిర్ణయమే. తెలుగులోకి చెప్పడానికి కొడుకు కాకుండా ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్ ఉండాలి. ఇష్టం లేని మాట అనువాదంలో జారిపోవడం ఎంత తేలికో మనకి తెలియనిదా.

ఇలాంటి ప్రశ్నలో మన పిల్లలకి కలిసొచ్చే సంగతి ఒకటుంది. రెండు వైపులా మనుషులు ఎలా ఆలోచిస్తారో ఇంట్లోనే చూసి పెరిగారు. దాన్ని దాచుకోకుండా వాడుకోమనండి.

దేనికైనా వరస ఒకటే: కథలో ఎవరెవరున్నారు, ఎవరికి ఏం కావాలి, నాకు ఇంకా ఏం తెలియాలి, ఎవరిని సలహా అడుగుతాను, చివరికి ఏం చేస్తాను. ఆఖరిది మర్చిపోవద్దు. అటూ ఇటూ బాగా చెప్పి, ‘కాబట్టి ఇది కష్టమైన విషయం’ అని ఆపేసేవాళ్లు చాలామంది.

రెండు కేసులు వివరంగా తెలిసి ఉంటే మంచిది. ఒకటి 1985 నాటి గిల్లిక్ తీర్పు: పదహారేళ్లు నిండని పిల్లయినా విషయం పూర్తిగా అర్థం చేసుకోగలిగితే తన వైద్యానికి తనే ఒప్పుకోవచ్చు. రెండోది 2015లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఇచ్చిన మాంట్‌గోమరీ తీర్పు. మాంట్‌గోమరీ అనే గర్భిణికి మధుమేహం, కడుపులో బిడ్డ పెద్దది. మామూలు కాన్పులో భుజం ఇరుక్కునే ప్రమాదం ఉందని డాక్టరు ఆమెకి చెప్పలేదు, చెబితే సిజేరియన్ అడుగుతుందని. బిడ్డ మెదడుకి దెబ్బ తగిలింది. ఏ ప్రమాదం చెప్పాలన్నది డాక్టర్ల అభిప్రాయాన్ని బట్టి కాదు, ఆ పేషెంటుకి ఏది ముఖ్యమో దాన్ని బట్టి అని కోర్టు తేల్చింది. పేర్లు, సంవత్సరాలు మర్చిపోయినా ఫరవాలేదు, లోపలి సంగతి గుర్తుంటే చాలు.

ఎన్‌హెచ్‌ఎస్ గురించి ఎంత తెలియాలి?

అనుకున్నంత కాదు. 1948 జులై 5న మొదలైంది, వైద్యం అందుకునే చోట డబ్బు అడగరు, ఖర్చు పన్నుల్లోంచి వస్తుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్ దేనికదే నడుపుకుంటాయి. ఇంగ్లండ్‌లో మందుల చీటీకి రుసుము ఉంది, మిగతా మూడింట్లో లేదు. వేల్స్‌లోని కార్డిఫ్ ఇంటర్వ్యూకి వెళ్తూ ఇంగ్లండ్ సంగతులే చదువుకుపోవడం చూస్తుంటాను. 2024 సెప్టెంబరు నుంచి జూనియర్ డాక్టర్లని రెసిడెంట్ డాక్టర్లు అంటున్నారు, పాత పేరు వాడితే వార్తలు చదవట్లేదని ఇట్టే తెలిసిపోతుంది. మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రి వైఫల్యాల మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక ఏం చెప్పిందో ఒక పేజీ చదవాలి. డాక్టర్ల మీద నియంత్రణ ఉండే సంస్థ జీఎంసీ వాళ్ల ‘గుడ్ మెడికల్ ప్రాక్టీస్’ 2024 జనవరి నుంచి కొత్త రూపంలో అమల్లో ఉంది, ఉచితంగా దొరుకుతుంది, ఒక సాయంత్రంలో అయిపోతుంది. వార్తల్లోంచి ఒకటో రెండో ఆరోగ్య విషయాలు పట్టుకుని వారం వారం గమనిస్తే సరిపోతుంది.

నటన స్టేషన్

ఇక్కడే మన పిల్లలు బాగా తడబడతారు. లోపల ఒక నటుడో నటీమణో ఉంటారు, వాళ్లతో మాట్లాడాలి. మార్కులు వేసేవాళ్లు పక్కన నోరు మెదపకుండా కూర్చుంటారు.

మా ఇంటి కథ: పక్కింటావిడ వారం రోజులు ఊరెళ్తూ చేపకి మేత వెయ్యమని తాళం ఇచ్చింది. నువ్వు మేత ఎక్కువేశావు, చేప చచ్చిపోయింది. ఆవిడ తిరిగొచ్చింది. పక్కింటావిడగా మా ఆవిడ కూర్చుంది, చేతిలో టీ కప్పుతో.

మొదటి రోజు మా అమ్మాయి, “సారీ ఆంటీ, కానీ ఎంత వెయ్యాలో మీరు రాసిపెట్టలేదు, పైగా నీళ్లు కూడా పాతవై ఉండొచ్చు” అంటూ నలభై సెకన్లు ఆగకుండా చెప్పింది. మా ఆవిడ టీ కప్పు కింద పెట్టి, నేను చెప్పకుండానే, “ఆ చేపని మా ఆయన పోయే ముందు కొనిపెట్టారమ్మా” అంది. పిల్ల బిగుసుకుపోయింది. తర్వాత నోట్లోంచి వచ్చిన మాట: “అలాంటిదే ఇంకోటి కొనిస్తాను.” నేను స్టాప్‌వాచ్ ఆపేశాను.

మూడు రోజుల తర్వాత మళ్లీ చేశాం. ఈసారి ముందు, “కూర్చుందాం ఆంటీ” అంది. తర్వాత, “మీకో బాధ కలిగించే సంగతి చెప్పాలి. మీ చేప చచ్చిపోయింది. మేత ఎక్కువేసింది నేనే, తప్పు నాది.” అంతే, ఆపేసింది. గడియారంలో పదకొండు సెకన్లు. ఆ పదకొండు సెకన్లూ నాకే ఊపిరాడలేదు, మధ్యలో దూరి ఏదో ఒకటి అనేద్దామనిపించింది. తర్వాత అది, “ఆ చేప గురించి చెప్తారా?” అని అడిగింది. మా ఆవిడ నటిస్తోందో లేదో నాకు తెలియలేదు.

ముందు ఒక చిన్న సూచన, తర్వాత విషయం ఒక్క వాక్యంలో, తర్వాత మౌనం, తర్వాత ఒక ప్రశ్న. సర్దుబాటు మాటలు చివర్న, అదీ ఆవిడకి కావాలంటేనే.

ముగ్గు పరీక్ష

కొన్ని చోట్ల ఒక బొమ్మ ఇచ్చి, అది కనిపించని మనిషి చేత మాటలతోనే గీయించమంటారు. దీనికి మా అమ్మాయి అభ్యాసం తెనాలిలో ఉన్న అమ్మమ్మతో, వీడియో కాల్‌లో, తెలుగులో. “అమ్మమ్మా, ఐదు చుక్కలు, సందు చుక్క, మూడొచ్చేదాకా” వరకు బ్రహ్మాండంగా నడిచింది. “ఇప్పుడు ఎడమ చివర చుక్క నుంచి పైకి కలుపు” అనగానే అటునుంచి గద్దింపు: “ఎవరి ఎడమే? నీదా నాదా? పైకంటే గోడ వైపా, గడప వైపా?”

ఆ ఒక్క తిట్టులో స్టేషన్ మొత్తం ఉంది. మొదలుపెట్టే ముందు ఇద్దరికీ ఒకే దిక్కులు కుదుర్చుకోవాలి. చివరికి ఏం రాబోతోందో చెప్పాలి: “ఆరు రేకుల పువ్వు వేస్తున్నాం.” ఒక్కో గీత అయ్యాక, “ఇప్పుడు నీకేం కనిపిస్తోంది?” అని అడగాలి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ ఆఁ అనే అంటారు. దీనికి వచ్చీరాని తెలుగే మేలు చేసింది, పొడుగు వాక్యాలు కట్టడం రాదు కాబట్టి పొట్టివి వాడింది.

అమ్మానాన్నలకి

రోజుకి ఒక్క తప్పే చెప్పండి. నేను మొదటి వారం ఏడు చెప్పాను, ఎనిమిదో రోజు తలుపు గడియ పడింది. జవాబు మధ్యలో దూరకండి. ‘ఫెయిలైన సందర్భం చెప్పు’ అని అడిగేవాళ్లుంటారు. మన ఇళ్లలో దానికి అలవాటు లేదు, ఫెయిలైనవి చుట్టాల దగ్గర దాచడమే నేర్పాం. భోజనాల దగ్గర ముందు మీరు ఫెయిలైంది ఒకటి చెప్పండి. నేను ప్లాబ్ మొదటిసారి తప్పిన సంగతి మా అమ్మాయికి ఆ రోజే తెలిసింది.

వందల పౌండ్ల కోచింగ్ కోర్సుల లింకులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి. నా మటుకు నాకు అవి అక్కర్లేదు. అక్కడ నేర్పిన జవాబులు పదిమంది నోట ఒకేలా వినిపిస్తాయి, వినేవాళ్లకి పట్టేస్తుంది. దానికన్నా పిల్లల్ని మార్చుకోండి: మీ అబ్బాయిని నేను అడుగుతాను, మా అమ్మాయిని మీరు అడగండి. తెలియని మనిషి ఎదురుగా ఒక్కసారి కూర్చోవడం నాన్న ఎదుట పదిసార్లతో సమానం. ఒకసారి ఫోన్లో రికార్డు చేసి వాళ్లనే చూసుకోనివ్వండి. వేగంగా మాట్లాడటం, తలాడించడం, ‘యా యా’లు వాళ్లే పట్టుకుంటారు.

ఆ రోజు, ఆ తర్వాత

పాస్‌పోర్టు, పిలుపు కాగితం, ఒక పెన్ను. వేరే ఊరైతే ముందు రోజు రాత్రికే చేరండి, ఇక్కడి రైళ్లని నమ్మి పొద్దున్న బయల్దేరొద్దు. ఆన్‌లైన్ అయితే కెమెరా కంటి ఎత్తులో ఉండాలి, మీరు ఇంకో గదిలో ఉండాలి, కుక్కర్ కూత వెయ్యకూడదు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగొచ్చు, దానికి మార్కులు తగ్గించరు. తప్పు చెప్పానని మధ్యలో తోస్తే, ‘ఇందాక అన్నది మార్చుకుంటాను’ అనొచ్చు. ఆ మాట విన్నప్పుడు నేను సంతోషంగా టిక్కు పెడతాను.

బయటికి రాగానే ‘ఏం అడిగారు’ అని మొదలుపెట్టకండి. చాలా స్కూళ్లు ప్రశ్నలు ఎవరితోనూ చెప్పొద్దంటాయి. ముందు తిండి పెట్టండి. తను ఎక్కడ తడబడిందో ఆ సాయంత్రమే తన నోటుబుక్కులో రాసుకోనివ్వండి, వచ్చే వారం ఇంకో స్కూల్ ఉండొచ్చు. ఆఫర్లు వచ్చాక యూకాస్‌లో ఒకటి ఖాయంగా, ఒకటి వెనక జాగ్రత్తగా పెట్టుకోవచ్చు. మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్‌లో అడిగిన గ్రేడ్లు రావాలన్న షరతు మామూలే.

నాలుగు చోట్లా కాదంటే మళ్లీ ఏడాది ప్రయత్నించేవాళ్లు బోలెడంతమంది, వాళ్లని తక్కువగా చూడరు. కాకపోతే యూక్యాట్ మార్కులు ఆ ఏడాదికే చెల్లుతాయి, మళ్లీ రాయాలి. మళ్లీ అప్లై చేసేవాళ్లని తీసుకుంటారో లేదో ఆ స్కూల్ నిబంధనల్లో ముందే చూసుకోవాలి. కేర్ హోమ్‌కి మాత్రం శనివారాలు మాన్పించకండి.